హ్యాండిలు గొట్టంలో చీటీ

నా చిన్నప్పుడు మా ఊరు మొత్తానికి సైకిలు తొక్కే ఆడవాళ్లం ఇద్దరమే. ఒకరు పక్కింటి అక్క, ఇంకొకరు నేను. మా ఊరు హిందూపురం నుంచి పెనుకొండకు పోయే రోడ్డు మీద ఆరు కిలోమీటర్ల దూరం. అక్క హిందూపురంలో దారం మిల్లులో పని చేసేది. నేను అక్కడే హైస్కూల్లో ఎనిమిదో తరగతి. తొంభైల నాటి మాట ఇది. బస్సు ఉండేది గానీ, అది వచ్చే వేళకూ మా బడి గంటకూ ఏనాడూ పొత్తు కుదిరేది కాదు.

సైకిలు కొనడానికి నాయన ఊరికే ఒప్పుకోలేదు. ఆడపిల్లకు ఏడో తరగతి చాల్లే అన్నది ఆయన లెక్క. నేను రెండు రోజులు అన్నం ముట్టకుండా మొండికేస్తే, మూడో రోజు అవ్వ కూడా నా పక్కకు వచ్చి కూర్చుంటే అప్పుడు దిగివచ్చాడు. దిగివచ్చి కూడా ఒక మెలిక పెట్టాడు. "ఇదో పాపా, కొనిచ్చేది ఒకసారే. పోగొట్టుకుంటివా, నీ బడి ఆడికి సరి. మళ్లా నన్ను అడగద్దు." మా నాయన కోపిష్ఠి మనిషి కాదు. కానీ ఒకసారి అన్న మాట వెనక్కి తీసుకోవడం మాత్రం ఆయనకు చచ్చినా చేతకాదు. ఆ సైకిలు ఉన్నన్నాళ్లే నాకు బడి అని నాకు బాగా తెలుసు.

హిందూపురంలో ఒక ముసలాయన సైకిలు అంగట్లో దాన్ని కొన్నాం. పాత సైకిళ్లు కొని, విప్పి, రంగు వేసి, మళ్లీ బిగించి అమ్మేవాడాయన. ఊరందరికీ ఆయన తాతే. ఆయన దగ్గర ఉన్నది ఒకటే ఆకుపచ్చ రంగు డబ్బా. ఆ అంగట్లోంచి బయటపడిన లేడీస్ సైకిలు ఏదైనా సరే ఆకుపచ్చగానే ఉండేది. వెనక చక్రానికి బిగించే తాళాలు కూడా పెట్టెల లెక్కన ఒకేచోట తెచ్చుకునేవాడు. తాళం మీద ఆయనకు పెద్ద నమ్మకం లేదులెండి. ఆయన నమ్మకమంతా చీటీ మీద. బండి చేతికిచ్చే ముందు హ్యాండిలు కుడి పక్క రబ్బరు పిడి ఊడదీసి, లోపలి గొట్టంలోకి ఒక చీటీ చుట్టి దూర్చేవాడు.

"దొంగనాయాలు రంగు మారుస్తాడు, సీటు మారుస్తాడు, తాళం ఇరగ్గొడతాడు. గొట్టంలో ఏలు పెట్టి చూసేటోడు ఎవుడూ లేడు. రేపు బండి దొరికిననాడు ఇది నీదేనని చెప్పేదానికి ఈ చీటీనే సాచ్చి" అన్నాడు. చదువుకునే పిల్లవు, నువ్వే రాసుకో అని కాగితం, పెన్సిలు నా చేతికిచ్చాడు. పేరు రాశాను, ఊరు రాశాను, ఇంటి గుర్తు రాశాను. ఇంకా కింద చోటుంది. ఖాళీ చోటు వదలడం నాకు అప్పుడూ ఇప్పుడూ నచ్చదు. "ఈ సైకిలు పోతే నా బడి పోతుంది" అని రాసేశాను. తాత కళ్లద్దాలు సర్దుకుని చదివాడు. నవ్వుతాడేమో అనుకున్నాను, నవ్వలేదు. ప్లాస్టిక్ కవరు ముక్కలో దాన్ని జాగ్రత్తగా చుట్టి గొట్టంలోకి తోశాడు.

ఇక అక్క సంగతి. మా ఇద్దరినీ కలిపి పంపేటప్పుడు మా అవ్వ నన్ను ఆమెకు అప్పజెప్పింది. అప్పజెప్పడమంటే ఏమిటో అక్క మొదటి రోజే చూపించింది. పాత ట్యూబు కత్తిరించి రబ్బరు వలయం చేసి, లంగా అంచు చైనులో పడకుండా నా చీలమండకు బిగించింది. వెనక మడ్‌గార్డుకు అరచేయంత మేర తెల్లరంగు పూసింది, లారీవాడికి దూరం నుంచే కనిపించాలని. అన్నిటికన్నా పెద్ద తలనొప్పి జరీ పట్టీ. అక్కకు పెద్దక్క ఒకామె ఉండేది. ఆమెను ధర్మవరంలో మగ్గాల ఇంటికి ఇచ్చారు. అక్కడ నేతలో చెడిపోయిన జరీ అంచు ముక్కలు అక్క అడిగి తెచ్చుకునేది. వాటిని ఒకదాని పక్కన ఒకటి గుడ్డ మీద కుట్టి, భుజం మీదుగా వీపుకు అడ్డంగా కట్టుకునే పట్టీ చేసేది. మాపటేళ లారీ లైటు పడితే వీపు మీద తళుక్కుమనేది. పైసా ఖర్చు లేదు. కానీ పదమూడేళ్ల పిల్లకు అది కట్టుకుని బడికి పోవడమంటే ఏమిటో మీరే ఆలోచించండి. "ఏమ్మే పెండ్లికూతురా, మొగుడు యాడ?" అని తరగతి మొత్తం ఏడిపించేది. రైలుగేటు దాటగానే పట్టీ విప్పి పుస్తకాల సంచిలో కుక్కేసేదాన్ని. అక్కకు తెలుసో తెలియదో, అడిగేది కాదు.

ఆ సంవత్సరం దసరా సెలవులు అయిపోయి బడి తెరిచిన మొదటి రోజు. మా పక్క ఆయుధపూజ అంటే కొడవలి నుంచి కుట్టుమిషను దాకా అన్నిటికీ పూజే. సైకిలు కడిగి, నూనె వేసి, మడ్‌గార్డుకు దట్టంగా విభూది పట్టించి, మధ్యలో కుంకుమ బొట్టు పెట్టి, హ్యాండిలుకు బంతిపూలు కట్టి, చక్రం కింద నిమ్మకాయ తొక్కిస్తాం. పూజ చేసిన బండికి బొట్టు తుడవకూడదు, దానంతట అది రాలిపోవాలి. అందుకే పండగ వెళ్లి వారమైనా హిందూపురం బజారులో ప్రతి సైకిలూ విభూది పూసుకుని, వాడిన బంతిపూలు వేలాడేసుకుని, అన్నీ ఒక తల్లి పిల్లల్లా ఉన్నాయి.

సాయంత్రం అవ్వకు ఆకూవక్కా కొనాలని తమలపాకుల అంగళ్ల వరస ముందు సైకిలు పెట్టాను. కొనుక్కుని వచ్చేసరికి సైకిళ్ల వరస ఇంకా పెరిగింది. నేను నా బండిని గుర్తుపట్టేది వెనక మడ్‌గార్డు మీద తెల్లటి మచ్చతో. ఆకుపచ్చ లేడీస్ సైకిలు, వెనక తెల్లగా ఉంది. తాళంచెవి పెట్టాను, టక్కున తెరుచుకుంది. ఇంకేం కావాలి? ఎక్కి తొక్కేశాను.

ఇక్కడే నేను ఒక మాట ఒప్పుకోవాలి. ఇన్నేళ్లలో చాలామందికి ఈ కథ చెప్పాను గానీ, ఈ ముక్క దాటేసి చెప్పేదాన్ని. రైలుగేటు దగ్గర గేటు వేసి ఉంటే ఆగి, అలవాటుగా బెల్లు నొక్కాను. ట్రింగుమని మోగింది. నా బెల్లు అంత బాగా మోగదు, గొంతు పట్టేసిన కోడిలా కిర్రుమంటుంది. వంగి చూశాను. మడ్‌గార్డు మీద వేలితో గీకితే విభూది రాలింది. దాని కింద తెల్లరంగు లేదు, ఆకుపచ్చే ఉంది. నాకు అర్థమైపోయింది. వెనక్కి పోతే? నా సైకిలు అక్కడ ఉందో లేదో. ఎవరో ఎత్తుకుపోయి ఉంటే ఇదీ ఇచ్చేసి, చేతులూపుకుంటూ ఇంటికి పోయి నాయన ముందు నిలబడాలి. రేపటి నుంచి బడి లేదు. రైలు వెళ్లిపోయింది, గేటు లేచింది. పూజకు నూనె వేశారు కదా, అందుకే బాగా నడుస్తోంది అని నాకు నేనే చెప్పుకుని ఇంటి దారి పట్టాను. అబద్ధమని తెలిసే చెప్పుకున్నాను.

ఇంటి ముందు అక్క బియ్యం ఏరుతూ కూర్చుని ఉంది. ఆ రోజు ఆమెది పొద్దుటి షిఫ్టు, నాకన్నా ముందే వచ్చేసింది. నేను దిగగానే తలెత్తి చూసింది.

"ఏమ్మే, నీ బండి ఊరి మొగదాల కాడ్నించే లొటలొటా అరుచుకుంటా వచ్చేది. ఈ పొద్దు పిల్లి మాదిరి వచ్చిందే?"

"పూజకు నాయన నూనేసినాడు కదక్కా."

"ఓహో, మీ నాయన చేతి మహిమ!" అని చాట పక్కన పెట్టి లేచింది. చుట్టూ తిరిగి చూసింది గానీ నా బండి కాదని అనలేదు, ఎవరిదని అడగలేదు. "పిడి లూజుగా ఉన్నట్టుండాది, ఇటియ్యి, బిగిస్తా" అని కుడి పిడి పట్టుకుని మెలిపెట్టి లాగేసింది. గొట్టంలోకి వేలు పెట్టి చీటీ బయటికి తీసి, నా చేతిలో పెట్టింది. "కండ్లు ఆనడంల్యా. ఏం రాసిండాదో చదువు" అంది. సూదిలో దారం ఒక్కసారికే ఎక్కించే కళ్లు ఆమెవి!

గత్యంతరం లేక చదివాను. తాత చేతిరాత. ఎవరో ఆమె పేరు, హిందూపురంలో ఒక వీధి, పట్టు రీలింగులో పని అని. కింద ఒక వాక్యం: బండి దొరికినోళ్లు ఈడికి తెచ్చిస్తే పుణ్యముంటాది.

"నీ చీటీలో నువ్వేం రాసినావో గుర్తుండాదా?" అంది అక్క.

నేను బోరుమన్నాను. "మనది పోయింటాదక్కా. ఇదీ ఇచ్చేస్తే నాయన బడి మానిపిస్తాడు" అని వెక్కుతూ చెప్పాను. అక్క నన్ను తిట్టలేదు, కొట్టలేదు. కొంగుతో నా మొహం గట్టిగా తుడిచింది, చర్మం ఊడొస్తుందేమో అన్నట్టు. "పోయింటే పోయింటాది. మీ నాయనతో నేను మాట్లాడతా. ఈ బండి మాత్రం ఈ పొద్దే పోవాల. రేపు తెల్లారితే ఆయమ్మ పనికి ఏమెక్కి పోతాది? పద" అంది. అవ్వకు ఆకూవక్కా అందించి, ఊరికే ఇప్పుడే వస్తామని చెప్పి ఇద్దరం బయలుదేరాం.

అప్పటికే పొద్దు గూకుతోంది. బయలుదేరే ముందు నా సంచిలోంచి నలిగిపోయిన జరీ పట్టీ తానే తీసి నా వీపుకు కట్టింది, తనదీ కట్టుకుంది. అది సంచిలో ఉందని ఆమెకు తెలుసన్నమాట! నేను ముందు, తను వెనక. ఆ రోడ్డు మీద మాపటేళ గ్రానైటు బండలు మోసే లారీలు వస్తాయి. రోడ్డంతా తమదే అన్నట్టు వస్తాయి. వెనక నుంచి ఒక లారీ లైటు మా మీద పడింది. నా ముందు నేల మీద నా నీడ పొడుగ్గా సాగింది. బండిని రోడ్డు అంచుకు తిప్పాను. కానీ లారీ దూరంలోనే హారన్ కొట్టి, వేగం తగ్గించి, మా పక్కన బోలెడు చోటు వదిలి దాటింది. డ్రైవరు తల బయటపెట్టి, "ఏమమ్మా, లైట్లు ఈపుకి కట్టుకుండారా?" అని నవ్వి పోయాడు. ఆ తర్వాత పదో తరగతి అయ్యేదాకా నేను ఆ పట్టీ విప్పలేదు. పెండ్లికూతురంటే, అవును, మీకేమి అని జవాబు చెప్పేదాన్ని.

బజారులో దీపాలు వెలిగాయి. ఆకుల అంగళ్లు ఒక్కొక్కటే కట్టేస్తున్నారు. సైకిళ్ల వరసలో రెండో మూడో మిగిలాయి. వాటిలో ఒకటి ఆకుపచ్చది, వెనక తెల్లమచ్చ. దాని వెనక చక్రం మీద ఒక చెయ్యి వేసుకుని, నేల మీద గొంతుక్కూర్చుని ఒక ఆడమనిషి. ముప్ఫై ఏళ్లు ఉంటాయేమో. మమ్మల్ని, మా చేతిలో ఉన్న బండిని చూసి లేచి నిలబడింది.

"వచ్చినారా? వస్తారని నాకు తెల్సు" అంది. అంతే. అరుపు లేదు, శాపనార్థాలు లేవు. నేను సైకిలు ఆమెకు అందించాను. పట్టుకాయలు ఉడికే వేడినీళ్లలో రోజంతా దారం తీసే చేతులు ఆమెవి. వేళ్ల కొనలు తెల్లగా పాలిపోయి, ముడతలు పడి ఉన్నాయి.

అక్క అడిగితే చెప్పింది. వచ్చి చూస్తే తన బండి లేదట. పక్కనే అచ్చం అలాంటిదే ఇంకోటి ఉంది. తన తాళంచెవి పెట్టి చూస్తే తెరుచుకుందట. "అప్పుడే అనుకున్యా, మా తాత కాడ కొన్నోళ్లే ఎవురో తెలీక తీసకపోయినారని. మళ్లా పిడి పీకి చీటీ తీసినా. నాకు సదువు రాదు. ఆకులమ్మే ఆయప్పతో సదివించుకున్యా." ఆమె గుప్పిట తెరిచింది. ప్లాస్టిక్ ముక్కలో నా చీటీ, నా పెన్సిలు రాత. "బడి పోతాదని రాసింటివే పాపా. దీన్ని ఇడిసిపెట్టి నేను యాడికి పోయేది? నేను అట్ల పోతే ఇంకొకడు ఇట్ల ఎత్తుకుపోతాడు."

రెండు గంటలకు పైగా కూర్చుందట. ఆ బండి ఎక్కి హాయిగా ఇంటికి పోవచ్చు, తాళం పడింది కదా! తన బండి పోయిందని ఏడుస్తూ తిరగొచ్చు. అదేమీ చెయ్యకుండా నా బడికి కాపలా కూర్చుంది. ఆమె మాత్రం నన్ను ఇంకా తెలియక చేసిన పిల్లననే అనుకుంటోంది. ఆ మాట నేను మొయ్యలేకపోయాను.

"తెలీక కాదక్కా. రైలుగేటు కాడే తెల్సింది నాకు. తెల్సీ ఇంటికి పోయినా" అన్నాను.

పక్కింటి అక్క నా వైపు తిరిగింది. ఇది ఆమెకూ కొత్త సంగతే. రీలింగు అక్క మాత్రం నా చీటీని మళ్లీ సన్నగా చుట్టి, గొట్టంలోకి దూర్చి, పిడిని అరచేత్తో రెండు దెబ్బలు కొట్టి బిగించింది. "తెల్సినాక గూడా వస్తివి కదా. సరిపాయ" అంది. నా జన్మలో ఇంత పెద్ద క్షమ నాకు ఇంత చిన్న మాటలో ఎవరూ ఇవ్వలేదు.

పోయే ముందు పక్కింటి అక్క తన వీపు మీది జరీ పట్టీ విప్పి ఆమెకు కట్టింది. ఆమె వెనక్కి తిరిగి చూసుకుని, "వాయమ్మో, రోజూ పట్టు తీసేదే గానీ, ఒంటి మీద జరీ పడింది ఈ పొద్దే" అని నవ్వింది. మేం వెనక్కి వచ్చేటప్పుడు పట్టీ ఉన్న నన్ను వెనక ఉంచి, పట్టీ లేని అక్క ముందు తొక్కింది. రైలుగేటు దగ్గర మాత్రం ఒకసారి ఆగి, "ఈడేనా?" అని అడిగింది. ఈడే అన్నాను. మళ్లీ పెడలు మీద కాలు వేసింది.

నాయనకు సంగతి తెలిసింది. ఎవరో చెప్పి కాదు, నేనే చెప్పాను. "బండి పోలేదు గదా, బడికి పో" అన్నాడు. మాట తప్పని మనిషి కదా, ఆ పక్కకు కూడా తప్పలేదు.

ఆ ఆదివారం తాత అంగడికి పోయాం. సంగతి విని తాత నాలుక కరుచుకున్నాడు. తాళాల పెట్టె మొత్తం నా ముందు కుమ్మరించాడు. నేను పొద్దంతా కూర్చుని ఒక్కో తాళంచెవినీ అన్ని తాళాలకూ పెట్టి చూసి, ఒకే చెవి పడేవన్నీ ఒక కుప్ప చేశాను. అప్పటి నుంచి ఒకే ఊరి దారికి పోయే ఇద్దరికి ఆ కుప్పలోంచి ఆయన తాళాలు ఇవ్వలేదు. పైగా నాకొక గొలుసు, చిన్న తాళంకప్ప ఊరికే ఇచ్చాడు. చక్రాన్ని ఏదైనా స్తంభానికి కలిపి కట్టు, ఒట్టి చక్రానికి తాళమేస్తే బండిని భుజానేసుకుని పోతారు అన్నాడు. తాళం మీద నమ్మకం లేని మనిషి రెండు తాళాలు వేయమని చెప్పడం అదే మొదలు.

నేను ఇప్పుడు పెనుకొండ పక్కన ఒక బడిలో టీచరును. ఎర్రమంచిలో కార్ల ఫ్యాక్టరీ వచ్చాక ఆ రోడ్డు మీద బండ్లు మా రోజుల్లో లారీలకు పదింతలు. మా బడి ఆడపిల్లలకు సైకిళ్లు వచ్చాయి, అన్నీ ఒకటే రంగు. అవి దించిన రోజు నేను పాఠం చెప్పలేదు. మడ్‌గార్డులకు తెల్లరంగు వేయించాను. ట్యూబు కత్తిరించి వలయాలు చేయించాను. ధర్మవరం నుంచి జరీ ముక్కలు తెప్పించి పట్టీలు కుట్టించాను. నవ్వే పిల్లల్ని నవ్వనిచ్చాను, నాకు తెలియని నవ్వులా! చివరికి అందరికీ చీటీలు ఇచ్చి, పేరు, ఊరు రాసి, ఆ సైకిలు పోతే మీకేం పోతుందో కూడా కింద రాయమన్నాను.

వెనక బెంచీలో ఒక గడుగ్గాయి లేచింది. "టీచరమ్మా, దొంగోడు యాడన్నా చీటీ చదువుతాడా?"

క్లాసంతా గొల్లుమంది. నా ఆకుపచ్చ సైకిలు పాతసామాను కింద పోయిన రోజు గొట్టంలోంచి తీసుకున్న చీటీ నా పర్సులోనే ఉంటుంది. మడతల దగ్గర చిరిగింది గానీ, పెన్సిలు రాత ఇంకా కనిపిస్తుంది. దాన్ని తీసి ఆ పిల్ల చేతిలో పెట్టాను.

"చదువుతాడమ్మా" అన్నాను. "నేను చదివినా."